తోడు

మన భాషలో "తోడు" అను మాట యొకటి కలదు. రెండక్షరముల ఈ చిన్న మాటకు అర్థములు పెక్కు. వెంట నుండువాడు తోడు. కాచిన పాలు పెరుగగుటకు వానిలో వేయు చిటికెడు పెరుగును తోడే. తోడబుట్టినవారు, తోడికోడలు, తోడునీడ అనుచు ఈ మాట మన బ్రతుకంతయు అల్లుకొని యున్నది. ఇంట ఎన్ని కడవల పాలున్నను, తోడు లేనిదే అవి తెల్లవారునప్పటికి కమ్మని పెరుగు కానేరవు. మనుష్యుల విషయమును ఇట్టిదే. పుట్టిన ఊరు విడిచి క్రొత్త తావునకు వచ్చిన కుటుంబమునకు ఇల్లుండవచ్చును, పని యుండవచ్చును, చేతిలో నాలుగు రూపాయలును ఉండవచ్చును. కాని ఇరుగుపొరుగుల తోడు దొరకువరకు ఆ తావు వారికి సొంత ఊరు కాదు.

వలస మన జాతికి క్రొత్త కాదు. తెలంగాణమునుండి నేతపనివారు షోలాపురమునకు పోయి మగ్గములు నిలిపిరి. ఉత్తర కోస్తానుండి పెక్కుమంది రైలుపనికై ఖరగ్‌పూరు చేరిరి. పాలమూరు కూలీలు దేశము నలుమూలల ఆనకట్టలకు రాళ్ళు మోసి, కాలువలకు మట్టి త్రవ్విరి. మదరాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని నాటాలు తీరము చేరినది. ఆ దేశపు చెరకుతోటలలో పనికై పోయినవారిలో తెలుగువారును అనేకులుండిరి. కోస్తా జిల్లాల రైతులు కొందరు నిజాంసాగరు క్రిందికిని, కొందరు తుంగభద్ర క్రిందికిని పోయి వరిపొలములు చేసికొనిరి. మా కుటుంబము పోయినది ఈ చివరి త్రోవనే.

తుంగభద్ర జలాశయమునకు 1945లో శంకుస్థాపన జరిగినది. 1953 నాటికి ఆనకట్ట పూర్తియై, ఎడమకాలువ ద్వారా గంగావతి, సింధనూరు ప్రాంతపు నల్లరేగడి భూములకు నీరు పారజొచ్చెను. అంతవరకు అచ్చటివారు జొన్న, ప్రత్తి, వేరుసెనగ వంటి మెట్టపైరులే పండించుచుండిరి. నీరు వచ్చిన పిమ్మట గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములనుండి రైతులు వచ్చి, అచ్చట భూములు కొని, కొంపలు కట్టుకొనిరి. ఆ పల్లెలను నేటికిని "క్యాంపు"లనియే పిలుచుచున్నారు.

మా నాన్నగారు 1968లో పశ్చిమ గోదావరి జిల్లాలోని తమ ఎకరము పొలము అమ్మి, ఆ పైకముతో గంగావతికి కొంత దూరమున నాలుగెకరములు కొనిరి. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. బెజవాడలో బండి మారి, గుంతకల్లు మీదుగా హోస్పేటలో దిగి, అచ్చటినుండి బస్సులోను, ఆపైన ఎడ్లబండిలోను పోయితిమి. క్యాంపులో ఇల్లు ఇంకను లేవలేదు. కావున ఒక కన్నడ గ్రామపు అంచున చిన్న ఇల్లు అద్దెకు తీసికొని, రెండేండ్లు అందే కాపురముంటిమి.

మేము చేరిన నాటి సాయంకాలము జరిగినది నాకిప్పటికిని చక్కగ జ్ఞాపకమున్నది. నాన్నగారు ముందుగా పోయి ఒక గేదెను కొని యుంచిరి. అమ్మ పాలు పితికి, కాచి, దించినది. పాలు గోరువెచ్చనైనవి. కాని తోడుపెట్టుటకు ఇంట పెరుగు చుక్క లేదు. దీపాలు పెట్టినవేళ పాలు పెరుగులు ఇల్లు దాటరాదని పట్టింపుగల ఇండ్లు మనలో కలవు. కావున అడుగుటకు అమ్మ చాలసేపు సంకోచించెను. చివరకు చిన్న గిన్నె కొంగుచాటున పెట్టుకొని పొరుగింటికి పోయి, "అక్కా, కొంచెం తోడు కావాలి" అనెను. నేను అమ్మ వెనుక నిలిచియుంటిని.

ఆ ఇంటి ఇల్లాలు ఏబదియేండ్ల వయస్సుగల కన్నడ స్త్రీ. ఆమెకు తెలుగు రాదు. "తోడబేకా? ఏను తోడబేకు?" అని ఆశ్చర్యముతో అడిగి, లోపలికి పోయి గుద్దలి తెచ్చి అమ్మ చేతికిచ్చెను! కన్నడములో తోడు అనగా త్రవ్వుట. క్రొత్తగా కాపురము వచ్చినవారు కదా, పొయ్యికో పందిరిగుంజకో గుంత త్రవ్వవలసి వచ్చినదని ఆమె తలచినది. అమ్మ తెల్లబోయి, నన్నింటికి పంపి పాలగిన్నె తెప్పించి, వ్రేలితో కలుపునట్లు చూపినది. ఆమె ఒక్క క్షణము చూచి, గోడకానుకొని కడుపుబ్బ నవ్వి, "హెప్పు! హెప్పు బేకా!" అని, తన ఉట్టిమీది కుండనుండి గరిటెడు పెరుగు వేసి యిచ్చెను. అమ్మయు నవ్వెను. ఆ రాత్రి మా పాలు తోడుకొనెను. మరునాటినుండి ఆ రెండిండ్లమధ్య గోడ యున్నను లేనట్లే యయ్యెను.

ఆమెను నేను "అవ్వా" అని పిలుచుచుండెడివాడను. మన కోస్తాలో అవ్వ యనగా ముసలమ్మ. కాని ఆ సీమలో అవ్వ యనగా తల్లి. నేను ఒక అర్థముతో పిలువగా ఆమె మరియొక అర్థముతో పలికెడిది. ఆ పొరపాటు మా ఇరువురిలో ఎవ్వరికిని నష్టము చేయలేదు.

అవ్వ మాకు చేసిన ఉపకారములు చెప్పవలెనన్న ఒక పుస్తకమగును. త్రాగుటకు ఏ బావినీరు మంచివో చూపినది ఆమెయే. సంతలో కన్నడ లెక్క తెలియక అమ్మ మోసపోకుండ తోడు వచ్చినది ఆమెయే. ఆమె పెనిమిటి మా నాన్నగారికి నల్లరేగడి స్వభావము బోధించెను. తడిసిన రేగడిలో బండి దింపరాదనియు, ఎండి నెరియలిచ్చిన మడికి మొదటి నీరు ఎంత పెట్టవలెనో కొలత తెలిసికొనవలెననియు చెప్పినవాడు ఆయనయే. మా చెల్లెలు ఆ ఇంటనే పుట్టినది. అమ్మ పుట్టింటికి పోవలెనన్న రెండు దినముల ప్రయాణము. వానకాలము, నాట్ల సమయము. అర్ధరాత్రి నొప్పులు రాగా అవ్వ వచ్చి పురుడు పోసి, పదునొకండు దినములు తన ఇంటినుండియే వేడినీళ్ళు, పథ్యపు అన్నము పంపినది. "నాకు పుట్టిల్లు ప్రక్కయిల్లే" అని అమ్మ తరువాత అందరితో చెప్పుచుండెడిది.

అయినను అమ్మ మనస్సులో ఒక కొరత యుండెను. "ఎన్నడును మనమే పుచ్చుకొనుచున్నాము. ఆమెకు మనమేమి ఇచ్చితిమి?" అని ఆమె బాధపడుచుండెడిది. అరిసెలు పంపిన, దానికి మారుగా జొన్నరొట్టెలు, నూనెవంకాయ రెట్టింపు వచ్చెడివి. ఋణము తీరెడిది కాదు.

ఇట్లుండగా ఒకనాటి సాయంకాలము అవ్వ ఖాళీ గిన్నె పట్టుకొని మా గుమ్మమున నిలిచినది. పిల్లి వారి పెరుగుకుండ దొర్లించినదట. "తంగీ, స్వల్ప తోడు కొడవ్వా" అని ఆమె అడిగెను. తంగి యనగా చెల్లెలు. కన్నడ వాక్యములో "తోడు" అను మన తెలుగుమాటను ఆమె పదిలముగా పొదిగినది. అమ్మ ముఖము ఎంతగా వెలిగెనో నేను చెప్పజాలను. గిన్నె నిండ పెరుగు వేసి, ఆమె వెళ్ళిన పిమ్మట నాన్నగారితో, "ఇన్నాళ్ళు ఆమె ఇచ్చింది, మనం పుచ్చుకొన్నాం. ఇవాళ ఆమె మనల్ని అడిగింది. ఇక మనం ఈ ఊరివాళ్ళమే" అనెను.

ఆ మాట నాకు అప్పుడు బోధపడలేదు. వయస్సు వచ్చిన కొలది దాని లోతు తెలిసినది. దయగలవారు క్రొత్తవారికి ఇచ్చుట ఎరుగుదురు. అది గొప్ప గుణమే. కాని ఎల్లప్పుడును పుచ్చుకొనువాడు తల వంచియే యుండును. వానివద్ద కూడ ఇచ్చుటకు ఏదో యొకటి గలదని గుర్తించి, వానిని అడుగగలిగినవాడే నిజమైన పొరుగువాడు. ఇచ్చుటచే ఆకలి తీరును. అడుగుటచే పరాయితనము తీరును.

ఆ గ్రామమున అందరును అవ్వవంటివారే యని చెప్పుట సత్యము కాదు. మమ్ము చూచి ముఖము త్రిప్పుకొనినవారు కలరు. నా మాటతీరును వెక్కిరించిన పిల్లలు కలరు. పెద్దల కోపమునకు కారణము లేకపోలేదు. నీరు రాకముందు, లేక వచ్చిన తొలినాళ్ళలో, కొందరు తక్కువ వెలకు భూములమ్ముకొనిరి. తరువాత ఆ భూములే వరిచేలై పచ్చగా ఊగుచుండగా చూచి నొచ్చుకొనుట సహజము కదా! కావున వచ్చినవారికిని ఒక ధర్మము కలదు. ఏ ఊరి నీరు త్రాగుదుమో ఆ ఊరి మాట నేర్చుకొనవలెను. ఆ ఊరి పండుగలో పాలుపంచుకొనవలెను. మార్గశిరమాసపు ఎళ్ళ అమావాస్యనాడు అచ్చటి రైతులు బండ్లు కట్టుకొని చేలకు పోయి, భూమాతకు నైవేద్యమిడి, చేను నాలుగు ప్రక్కల మెతుకులు చల్లి, అందరును కలిసి భుజింతురు. మొదటి యేడు అవ్వ కుటుంబము మమ్ము పిలిచినది. రెండవ యేడు మా చేనికి మేము వారిని పిలిచితిమి. వెక్కిరించినవారిలో కొందరు కూడ ఆ దినము మా గట్టున కూర్చుండి భుజించిరి.

పాఠశాలలో నాకు కన్నడ లిపి త్వరగా పట్టుబడెను. తెలుగు కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు; తలకట్టులలోనే కొంత భేదము. ఆ బడిలో రెండు మూడేండ్లు చదివి, పిమ్మట తాతగారి ఊరు చేరి తెలుగు చదువు కొనసాగించితిని. పండిత శిక్షణ పూర్తిచేసి, ఉపాధ్యాయుడనై, చివరకు పల్నాటిసీమలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనైతిని. మాకు అవ్వ చేసిన మేలు వేరొక రూపమున నాకు మరల కనబడినది అచ్చటనే.

పల్నాటిలో మిరపపంట విస్తారము. సంక్రాంతి దాటినది మొదలు ఏప్రిలు వరకు కాయకోతలు సాగును. ఆ పనికి స్థానికులు చాలరు. కర్నూలు జిల్లా పడమటి భాగమునుండి, కోసిగి, ఆదోని ప్రాంతములనుండి, వేలకొలది కుటుంబములు పిల్లాపాపలతో, వంటసామానుతో, కోళ్ళతో సహా వచ్చును. వర్షమును నమ్ముకొనిన మెట్టభూములు వారివి. పంట చేతికి రాని యేడు ఇంటికి తాళము పెట్టి బయలుదేరుదురు. దీనిని వారు "సుగ్గికి పోవుట" యందురు. కన్నడమున సుగ్గి యనగా పంటకోత. ఆ మాట విన్నప్పుడు నా బాల్యము నా కన్నుల ఎదుట నిలిచినది. తుంగభద్ర నీటికై మేము డెల్టా విడిచి పోయితిమి. అదే తుంగభద్రకు చేరువ నున్నవారు పనికై కృష్ణాతీరమునకు వచ్చిరి. వలసకు ఒకే దిక్కు లేదు.

2013వ సంవత్సరము జనవరిలో మా పాఠశాల వెనుక బీడులో ఇరువది గుడారములు వెలసినవి. ప్లాస్టిక్ పట్టలు, నాలుగు వెదురుకర్రలు, మూడురాళ్ళ పొయ్యి, అంతియే ఇల్లు. నేను పోయి పిల్లలను బడికి పంపుడని తల్లిదండ్రులను అడిగితిని. కన్నడములో రెండు మాటలు మాటలాడగానే వారిలో భయము సగము తగ్గినది. పలువురు పిల్లలు వచ్చిరి. కాని ఏడవ తరగతి చదువుచుండిన ఒక బాలిక రాలేదు. ఆమె చంకలో ఏడాది బిడ్డ, తమ్ముడు. తల్లి తెల్లవారకముందే కోతకు పోవును. మిరపచేనిలో ఘాటుకు, ఎండకు పసిబిడ్డ నిలువజాలడు. "వీనిని ఎవరు చూస్తారు సార్?" అని ఆ బాలిక అడిగిన ప్రశ్నకు నావద్ద సమాధానము లేదు.

సమాధానము గుడారముల ఎదుటి ఇంటిలో నుండెను. ఆ ఇంట ఒక వృద్ధురాలు, ఆమె భర్తయు ఇద్దరే యుండిరి. పిల్లలు దూరపు పట్టణములలో నుండిరి. ఆమె నాలుగు దినములు ఆ బాలికను గమనించి, ఐదవనాడు పిలిచి, "అమ్మాయ్, బిడ్డని ఇక్కడ పడుకోబెట్టి బడికి పో. మధ్యాహ్నం గంట కొట్టాక వచ్చి చూసుకో" అనెను. ఎవ్వరును ఆమెకు చెప్పలేదు. ఎవ్వరును ఆమెను అడుగలేదు. మరునాడు ఆ బాలిక మా ఏడవ తరగతి బల్లమీద కూర్చుండెను.

అంతటితో ఆగినచో అది దయ. ఆమె మరియొక అడుగు వేసినది. ఆమె భర్తకు మధుమేహము. వైద్యుడు జొన్నరొట్టెలు తినుమనెను. వరియన్నము వండుటలో ఆరితేరిన ఆ చేతులకు రొట్టె చరచుట రాదు; చేసిన ప్రతి రొట్టెయు పెనముమీద ముక్కలగుచుండెను. ఒకనాడామె గుడారమునకు పోయి ఆ బాలిక తల్లితో, "నాకు రొట్టె చెయ్యటం నేర్పమ్మా" అని అడిగెను. ఆ తల్లి మొదట నమ్మలేదు. పెద్దయింటి ఇల్లాలు తన్ను అడుగుట ఏమి యని విస్తుపోయినది. పిమ్మట చేతులు కడుగుకొని వచ్చి, పిండిలో వేడినీళ్ళు ఎంత పోయవలెనో, పిండి ఎంతసేపు మర్దింపవలెనో, అరచేతితో చరచుచు చుట్టు త్రిప్పుట ఎట్లో చూపినది. వారమునకు రెండు సాయంకాలములు ఆ వంటయింట చపచపమని రొట్టె చరచు శబ్దము వినబడుచుండెడిది. బిడ్డ ఆమెకు అలవడెను. బాలిక ఆమెను "అవ్వా" అని పిలువజొచ్చెను. రాయలసీమలో అవ్వ యనగా నాయనమ్మ.

ఏప్రిలు మాసాంతమున వారు స్వగ్రామమునకు తిరిగిపోవుచు, రొట్టెపెనము, రెండు బిందెలు, ఒక చాప ఆ ఇంటి పంచలో ఉంచి, "వచ్చే ఏడుకి ఉంచవ్వా" అని చెప్పిపోయిరి. మనుష్యుడు తన వస్తువులను నమ్మకముతో విడిచిపోగల చోటే అతని ఇల్లు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట వారు మరల వచ్చిరి.

ఇట్టి పరిచయము కష్టకాలమున ఎంత ఉపకరించునో 2020వ సంవత్సరమున తెలిసినది. ఆ యేడు మార్చి 24వ తేదీ రాత్రి కరోనా కారణమున దేశమంతట లాక్‌డౌన్ ప్రకటింపబడెను. రైళ్ళు, బస్సులు నిలిచినవి. ఎందరో కూలీలు పిల్లలను ఎత్తుకొని వందల మైళ్ళు కాలినడకన పోయిరి. వలసకూలీలకై ఏర్పాటైన మొదటి ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు బయలుదేరినది మే 1వ తేదీన. అనగా ముప్పదియైదు దినములకు పైగా నిరీక్షణము. మా ఊరి బీడులోని గుడారములవారు మాత్రము నడకదారి పట్టలేదు. వారిని పేరుపేరున ఎరిగినవారు ఊరిలో నుండిరి. బియ్యము, పప్పు ఇంటింటినుండి వచ్చినవి. పొరుగూళ్ళ కూలీలు రాలేక చేలలో నిలిచిపోయిన కాయను వారు కోసిపెట్టిరి. ఎవరు ఎవరికి సాయము చేసిరో విడదీసి చెప్పుట కష్టము.

బాలబాలికలారా! వలస వచ్చిన పిల్లల చదువుకై చట్టమొకటి కలదు. 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆరునుండి పదునాలుగేండ్ల వయస్సుగల బాలబాలికలను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. బదిలీపత్రము ఆలస్యమైనదని చేర్చుకొనకుండుట తగదు. ఇది మంచి చట్టము. కాని చట్టము ఆ పిల్లవానికి తరగతిలో చోటు ఇయ్యగలదే గాని, ప్రక్కన స్నేహితుని కూర్చుండబెట్టలేదు. ఆ పని మీది.

మీ తరగతికి పరాయిసీమ పిల్లవాడు వచ్చినచో ముందుగా అతని పేరు సరిగా పలుకుట నేర్చుకొనుడు. "కూలోళ్ళ పిల్లవాడు" అని గాని, ఊరిపేరు పెట్టి గాని పిలువకుడు. త్రాగునీరెక్కడ నున్నదో, చౌకధరల దుకాణము, ఆరోగ్యకేంద్రము ఎక్కడ నున్నవో వాని ఇంటివారికి చూపుడు. అతని భాషలో పది మాటలు నేర్చుకొనుడు. అందు గుద్దలి తెచ్చియిచ్చునంతటి పొరపాటు జరిగినను నవ్వుకొనుడు. అంతకంటె ముఖ్యముగా, అతనిని ఏదేని అడుగుడు. వాని ఊరి ఆట యొకటి నేర్పుమనుడు; వాని ఊరి కథ యొకటి చెప్పుమనుడు. అతడు లెక్కలలో గట్టివాడైన, మీకు రాని లెక్క చూపుమనుడు.

మీ వీధిలోనికి ఈ యేడు క్రొత్తగా ఎవరైన వచ్చిరేమో చూడుడు. వారికేమి లేదో కనుగొని, చేతనైనది ఇండు. వారికేమి తెలియునో కూడ కనుగొని, మొగమోటము లేక అడుగుడు.